రెండు నోటు పుస్తకాలు నిండాయి, బ్లౌజు మాత్రం మొదలవలేదు

ప్రశ్న: నాకు 33 ఏళ్ళు. మాది తెనాలి. మా వారు రైసుమిల్లులో గుమాస్తా. బాబు మూడో తరగతి, పాప యూకేజీ. నాలుగేళ్ళ క్రితం మూడు నెలలు మగ్గం వర్కు నేర్చుకున్నాను. నేర్పిన మేడమ్ నా చెయ్యి బాగుందనేవారు. అప్పట్నుంచీ సొంతంగా వర్కు బ్లౌజుల షాపు పెట్టాలని కోరిక. చీటీ పాడిన డబ్బు 90 వేలు విడిగా దాచాను. మెయిన్ రోడ్డులో ఒక గది చూశాను. అద్దె 8 వేలు, అడ్వాన్సు 50 వేలు అన్నారు. షాపు పేరు, లోగో, విజిటింగ్ కార్డు రంగు అన్నీ అనుకున్నాను. వీడియోలు చూసి రెండు నోటు పుస్తకాలు రాసుకున్నాను. కానీ ముందుకు పోలేకపోతున్నాను. ఎవరిదైనా పట్టు బ్లౌజు పాడుచేస్తే? కంప్యూటర్ వర్కు వచ్చాక చేతిపని ఎవరు చేయించుకుంటారు? మా వీధిలోనే నలుగురు ఉన్నారు, నా దగ్గరికి ఎవరొస్తారు? జీఎస్టీ కట్టాలా? మా వారిని అడిగితే "నీ ఇష్టం" అంటారు. అత్తయ్య "ఇప్పుడు ఇంట్లో ఏం లోటు?" అంటారు. తోడికోడలు టీచరు. నేను మొదలుపెట్టి మూసేస్తే ఏమంటుందో నాకు తెలుసు. ఆషాఢం వెళ్ళాక మంచి రోజు చూద్దామని పోయినేడు అనుకున్నా, ఈ ఏడూ అనుకుంటున్నా. రాత్రి మూడింటికి మెలకువ వస్తుంది, ఇక నిద్ర పట్టదు. ఈ ఆలోచనలు ఆపడం ఎలాగో చెప్పండి.
(పేరు వద్దన్న ఒక సోదరి, తెనాలి)

సమాధానం:

మీ ఉత్తరంలో లోగో ఉంది, విజిటింగ్ కార్డు రంగు ఉంది. ఈ నాలుగేళ్ళలో మీరు చేసిన వర్కు గురించి మాత్రం ఒక్క మాట లేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. కోపం తెచ్చుకోకండి. పేరు ఎంచుకునే పనిలో గుడ్డ పాడవదు, డబ్బు పోదు, కాదనేవాళ్ళుండరు. అందుకే మనసు పదే పదే ఆ పని దగ్గరికే పోతుంది, పోయినప్పుడల్లా ఏదో పని జరిగినట్టే ఉంటుంది.

ఆలోచనలు ఆపడం ఎలా అని అడిగారు. ఆపమని నేను చెప్పను. మీ ఆలోచన మీకు ఒక మేలు చేసింది. ఆ గదికి 50 వేలు అడ్వాన్సు కట్టకుండా ఆపింది. కట్టి ఉంటే మీ చేతిలో మిగిలేది 40 వేలు. బోర్డు, లైట్లు, అద్దం, కుర్చీలు, సరుకు కొనేసరికి అదీ ఉండదు. సరుకు ఖర్చులు పోను బ్లౌజుకి వెయ్యి మిగులుతుందనుకున్నా, నెలకు ఎనిమిది బ్లౌజులు అద్దెకే కుట్టాలి. ఇంతవరకూ ఒక్క బ్లౌజుకీ డబ్బు తీసుకోని మనిషి అంత బరువు ఎత్తుకోవడం తెలివైన పని కాదు. మీ భయం అక్కడ సరిగ్గానే పనిచేసింది.

చిక్కు వేరే చోట ఉంది. "షాపు పెట్టాలా వద్దా" అన్న ఒక్క ప్రశ్ననే పట్టుకుని నాలుగేళ్ళు కూర్చున్నారు. దానికి ఇవాళ జవాబు దొరకదు, ఎంత తెలివైన వాళ్ళకైనా దొరకదు. ఎందుకంటే ఆ జవాబుకి కావలసిన వివరాలు ఇంకా పుట్టలేదు. మీరు పనిచేస్తేనే అవి పుడతాయి. ఒక బ్లౌజుకి మీకు ఎన్ని గంటలు పడుతుంది? ఎంత సరుకు పడుతుంది? రెండు గంటలు వంగి కూర్చున్నాక మీ నడుం ఏమంటుంది? ఇవేవీ మీ రెండు నోటు పుస్తకాల్లో ఉండవు. నాకు తెలిసి ఏ వీడియోలోనూ ఉండవు, అవి వేరేవాళ్ళ చేతులు కాబట్టి.

మీ ఉత్తరంలోని భయాలన్నీ ఒక కాగితం మీద వేసి విడదీశాను. కొన్ని ఒక్క పూట కూర్చుంటే తేలిపోయేవి. కొన్ని పనిలో దిగితే తప్ప తేలనివి. కొన్ని ఎవరికీ ఎప్పటికీ తేలనివి. మీరు మూడు రకాలనీ కలిపి ఒకే ముద్దగా రాత్రి మూడింటికి నెత్తిన పెట్టుకుంటున్నారు.

ఒక్క పూటలో తేలేవి ముందు తేల్చేద్దాం. జీఎస్టీ సంగతి. సేవలు అందించే వ్యాపారంలో ఏడాది మొత్తం రాబడి 20 లక్షలు దాటనంత వరకు మామూలుగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మీకు ఆ బెంగ ఇప్పట్లో రాదు. వచ్చిన రోజున ఆ ఖర్చు పెట్టుకునే స్తోమత కూడా వచ్చి ఉంటుంది. చిన్న వ్యాపారాలకి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ 2020 జులై 1 నుంచి ఉంది. ఆధార్‌తో ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు, ప్రభుత్వం పైసా తీసుకోదు. డబ్బు అడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదని తెలుసుకోండి. ముద్ర పథకంలో శిశు అనే చిన్న రుణం 50 వేల వరకు పూచీకత్తు లేకుండా ఇస్తారు, కానీ మీకు ఇప్పుడు అప్పు అక్కర్లేదు. ఆ ఫారాల జోలికి కొన్నాళ్ళు వెళ్ళకండి. ఫారాలు నింపడం కూడా లోగో గీయించడం లాంటిదే, పనిలాగే ఉంటుంది.

కంప్యూటర్ వర్కు గురించి సగం భయం ఒక్క పూటలో తేలుతుంది. మీ ఊళ్ళో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ చేసే షాపుకి మీ చీర ఒకటి తీసుకుని వెళ్ళండి. మెడకీ చేతులకీ సాదా వర్కు ఎంత, ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఏవి చేస్తారు, ఏవి చెయ్యరు, అన్నీ అడగండి. కుందన్లు, పూసలు, ఎత్తుగా వచ్చే జర్దోసీ పని, ఇంటిపేరో పిల్లల పేరో బ్లౌజు చేతిమీద కుట్టించుకోవడం, ఇలాంటివాటికి వాళ్ళేమంటారో వినండి. తర్వాత మీ వీధిలోని నలుగురిలో ఇద్దరి దగ్గర చేతిపనికి ధర అడగండి. ఈ నాలుగైదు అంకెలు చేతికి వస్తే మీ భయం "చేతిపని పోతుందేమో" దగ్గరనుంచి "సాదా బోర్డరులో నేను పోటీపడలేను, పూసల పనిలో పడగలను" దగ్గరికి వస్తుంది. రెండోదానితో ఏదో ఒకటి చెయ్యొచ్చు. పదేళ్ళ తర్వాత చేతిపని ఏమవుతుందన్న మిగతా సగం మాత్రం ఎవరికీ తేలదు, దాన్ని వదిలెయ్యండి. వీధిలో నలుగురు ఉన్నారంటే ఆ వీధిలో వర్కు చేయించుకునేవాళ్ళు ఉన్నారని కూడా అర్థం. ఒక్కరూ లేని వీధిలో మీరు మొదటివారైతే నేను ఎక్కువ భయపడేవాణ్ణి.

ఇక పనిలో దిగితే తప్ప తేలనివి. మీ ఉత్తరానికి అసలు జవాబు ఇక్కడుంది.

ముందు ఆ మగ్గం ఎక్కడుందో చూడండి. మీరు రాయలేదు కానీ బీరువా వెనకో, మంచం కిందో ఉంటుందని నా అనుమానం. దాన్ని బయటికి తీసి, వెలుతురు పడే కిటికీ దగ్గర బిగించండి. అది పెద్ద వస్తువు, అడ్డం వస్తుంది, ఇంట్లోవాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. ప్రతిసారీ తీసి బిగించాల్సి వస్తే మీరు కూర్చోరు.

మొదటి బ్లౌజు మీదే. రెండోది మీ అక్కచెల్లెళ్ళలో ఒకరిదో, పక్కింటావిడదో. ఆవిడ దగ్గర సరుకు ఖర్చు తప్ప ఇంకేమీ తీసుకోకండి. ఈ రెండింటికీ ఎవరి పట్టు గుడ్డా ముట్టుకోవద్దు. మీరే మీటరు రాసిల్కు కొని దానిమీద చెయ్యండి. పాడైతే పోయేది మీటరు గుడ్డ. పట్టు గుడ్డమీద మొదటిసారి చేసే రోజు వచ్చినప్పుడు, కత్తిరించకుండా వదిలేసే మూలలో ముందు డిజైను దించిన ట్రేసింగు మరక పోతుందో లేదో చూసుకోండి, సూది దిగితే పోగు లాగుతుందేమో చూసుకోండి, ఆ తర్వాతే మెడమీదికి రండి. పట్టు బ్లౌజు పాడవుతుందన్న భయం నాలుగేళ్ళుగా మిమ్మల్ని పట్టుకుంది కదా, దానికి మందు ధైర్యం అనుకున్నారు మీరు. మూలమీద ఒక ముక్క సరిచూసుకునే అలవాటు చాలు.

ఈ రెండు బ్లౌజులకీ కూర్చున్న ప్రతిసారీ టైము రాయండి. అలా వచ్చిన గంటలే మీ ధరకి పునాది. ఊరికే ఉదాహరణ చెబుతాను, అంకెలు మీవి మీరు వేసుకోండి. సరుకు 350 రూపాయలు, పని 14 గంటలు అనుకుందాం. మీరు బయట ఎక్కడైనా పనికి వెళ్తే ఎనిమిది గంటలకి 480 ఇస్తారనుకుంటే గంటకు 60. పధ్నాలుగు అరవైలు 840. సరుకుతో కలిపి 1,190. తెగేవి, పోయేవి, మళ్ళీ చేసేవి ఉంటాయి కాబట్టి పదో వంతు కలపండి. 1,300 దగ్గర తేలుతుంది. మీరు బజార్లో అడిగి తెలుసుకున్న ధర 1,500 అయితే దారి ఉంది. 900 అయితే ఆ డిజైను మీది కాదు, ఇంకోటి చూడాలి, లేదా చెయ్యి వేగం పెరగాలి. పదో బ్లౌజుకి 14 గంటలు 9 అవుతాయేమో. అవుతాయో లేదో పదో బ్లౌజే చెబుతుంది.

మూడో బ్లౌజు నుంచి డబ్బు తీసుకోవాలి. ఇక్కడ మీరు తలచుకోని దారి ఒకటుంది. మీకు కుట్టు కూడా వచ్చో లేదో రాయలేదు. రాకపోతే మరీ మంచిది. లేడీస్ టైలర్లలో చాలామంది వర్కు ఆర్డర్లు తీసుకుని బయట చేయిస్తుంటారు. సీజన్‌లో వాళ్ళకి చేతులు చాలవు. మీరు చేసిన రెండు బ్లౌజులూ సంచిలో పెట్టుకుని ముగ్గురు టైలర్ల దగ్గరికి వెళ్ళండి. జాబ్ వర్కు ఉంటే ఇవ్వమనండి. బ్లౌజుకి మీకు వచ్చేది తక్కువే. అయితే కస్టమరుతో మాట్లాడే పని, ఫిటింగ్ గొడవ, అద్దె ఏవీ మీ మీద ఉండవు. నలభై రకాల గుడ్డలమీద మీ చెయ్యి తిరుగుతుంది, డబ్బులిచ్చి మరీ మీకు నేర్పిస్తున్నట్టే. షాపు పెట్టడమంటే మెయిన్ రోడ్డు గదే అని మీరు మనసులో బిగించేసుకున్నారు, అందుకే దానికీ ఏమీ చెయ్యకపోవడానికీ మధ్య ఇంత చోటుందని కనిపించలేదు.

వీటన్నిటికీ 90 వేలల్లోంచి 6 వేలు తీసి ఒక డబ్బాలో పెట్టండి. మిగతా 84 వేలు బ్యాంకులో ఉండనివ్వండి. విజయవాడ వన్‌టౌన్‌కి వెళ్ళి పూసలూ జరీ కొనుక్కొచ్చే రైలు ఖర్చు కూడా ఆ 6 వేలల్లోంచే. హోల్‌సేల్‌లో చౌక కదా అని కిలోలకొద్దీ పూసలు కొనకండి, అదీ లోగో బాపతే. డబ్బా ఖాళీ అయితే ఆగి లెక్క చూసుకోండి. "నష్టపోతే ఎలా" అన్న భయానికి హద్దు లేదు. "ఆరు వేలు పోతే ఎలా" అంటే, ఒక పండక్కి చీర మానుకుంటే సరిపోతుందని మీకే తెలుసు.

ఆషాఢం గురించి. మంచి రోజు చూసుకోవద్దని నేను చెప్పను. షాపు తెరిచేనాడు నిక్షేపంగా ముహూర్తం పెట్టుకోండి, కొబ్బరికాయ కొట్టండి. చెయ్యి సాధన చేసుకోవడానికి మాత్రం మీనమేషాలు లెక్కపెట్టకండి. మీ పనికి ఆషాఢం అంత మంచి నెల ఇంకోటి లేదు కూడా. పెళ్ళిళ్ళుండవు, టైలర్లు కాస్త ఊపిరి పీల్చుకుంటారు, మాట్లాడటానికి తీరిక ఉంటుంది. దాని వెనకే శ్రావణం. వరలక్ష్మీ వ్రతం, పెళ్ళి ముహూర్తాలు, అన్నీ ఒక్కసారి మీద పడతాయి. శ్రావణంలో ఆర్డరు దొరకాలంటే ఆషాఢంలో మీ చేతిపని వాళ్ళ కళ్ళబడి ఉండాలి. ఆషాఢం వెళ్ళాక మొదలుపెడితే, సీజనంతా నేర్చుకోవడంలోనే పోతుంది. పోయినేడు అలాగే పోయింది.

"రేపటి నుంచి రోజూ కూర్చుంటాను" అని మాత్రం అనుకోకండి. అలా అనుకున్నవి ఏమవుతాయో మనందరికీ తెలుసు. జర్మనీలో పీటర్ గోల్విట్జర్, వెరోనికా బ్రాండ్‌స్టాటర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1997లో ప్రచురించిన ఒక పరీక్ష ఉంది. క్రిస్మస్ ముందురోజు ఎలా గడిపారో రాసి రెండు రోజుల్లో పంపమని విద్యార్థులకు చెప్పారు. సగం మందిని మాత్రం ఎక్కడ కూర్చుని, ఏ సమయానికి రాస్తారో ముందే రాసిమ్మన్నారు. అలా చోటూ సమయమూ రాసిచ్చినవాళ్ళలో 71 శాతం గడువులోగా పంపారు. ఊరికే సరేనన్నవాళ్ళలో 32 శాతం. పండగ రోజుల్లో అది చాలా తేడా. మీరు ఇలా రాసుకోండి: "పిల్లల్ని స్కూలు ఆటో ఎక్కించి గుమ్మంలోకి రాగానే, గిన్నెల జోలికి వెళ్ళకముందే, మగ్గం దగ్గర కూర్చుని గంటసేపు పనిచేస్తాను." గిన్నెలు ముందు పెట్టుకుంటే గిన్నెలతోనే పదకొండవుతుంది. ఆ గంటలో పని బాగా రావాలన్న నియమం పెట్టుకోవద్దు. కూర్చున్నారా లేదా, అంతవరకే లెక్క. మొదటి వారం చైన్‌స్టిచ్ వంకర్లు పోతుంది. నాలుగేళ్ళు ముట్టని చెయ్యి కదా.

రాత్రి మూడింటి సంగతికి వస్తాను. మన కళ్ళకి ఇది ఆలోచనలాగే కనిపిస్తుంది, నిజానికి నెమరువేత. అదే బాధని అటు తిప్పి ఇటు తిప్పి చూడటమే తప్ప, తర్వాతి పని ఏమిటన్న దగ్గరికి రాదు. సూసన్ నోలెన్-హోక్సెమా అనే శాస్త్రవేత్త దీన్నే జీవితకాలం పరిశీలించారు. 1989లో ఆవిడ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఉండగా, దిగులు కలిగినప్పుడు ఏం చేస్తారో కనుక్కోవడానికి విద్యార్థుల చేత ప్రశ్నపత్రాలు నింపించారు. రెండు వారాలకే, అక్టోబరు 17న, ఆ ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. భూకంపం వచ్చిన పది రోజులకు ఒకసారి, ఏడు వారాలకు మరోసారి ఆవిడ అదే విద్యార్థులను మళ్ళీ పలకరించారు. భూకంపానికి ముందే దిగుళ్ళను నెమరువేసుకునే అలవాటున్నవాళ్ళు, తర్వాత ఎక్కువ కుంగిపోయి కనిపించారు. మీ విషయంలో నాకు దీన్నిబట్టి తోచేదేమిటంటే, ఆ అలవాటు షాపు ప్రశ్న తేలగానే పోయేది కాదు. షాపు తేలితే ఇంకో ప్రశ్న వెతుక్కుంటుంది. కాబట్టి దానికి విడిగా ఒక ఏర్పాటు కావాలి.

అమెరికాలో థామస్ బోర్కొవెక్ అనే ఆయన, చింతల మీద పనిచేసిన మనిషి, 1983లో తన సహచరులతో కలిసి ఒక పద్ధతి పరీక్షించారు. వినడానికి నవ్వొస్తుంది. రోజూ ఒకే చోట, ఒకే సమయానికి, అరగంట చింతకే కేటాయించాలి. మిగతా రోజంతా ఏ చింత వచ్చినా "నీ వేళకి రా" అని వాయిదా వెయ్యాలి. మీకు సాయంత్రం ఐదు గంటలు బాగుంటుందేమో. పడకగదిలో కాకుండా వరండాలో కూర్చోండి. రాత్రి మెలకువ వచ్చినప్పుడు దిండు కింద ఉన్న కాగితం మీద ఒక్క ముక్క రాయండి, "కంప్యూటర్ వర్కు" అనో, "తోడికోడలు" అనో. సెల్‌ఫోన్ తియ్యకండి, తీస్తే మూడో నోటు పుస్తకం మొదలవుతుంది. సాయంత్రం ఐదింటికి ఆ కాగితం తీసి ప్రతి ముక్క పక్కనా "రేపు ఏం చెయ్యగలను" అని రాయండి. ఏమీ లేకపోతే గీత గీసెయ్యండి. మొదటి నాలుగైదు రోజులు చింతలు మాట వినవు, మానెయ్యకండి.

ఇక్కడ ఒక మాట సీరియస్‌గా చెప్పాలి. ఈ నిద్రలేమి వారాల తరబడి సాగుతున్నా, ఆకలి మందగించినా, గుండె దడగా ఉంటున్నా, షాపుతో పాటు ఇంటి పనులూ పిల్లలూ కూడా భారంగా అనిపిస్తున్నా, ఇది పత్రికలో సలహాతో తీరేది కాదు. 14416 నంబరుకి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన సేవ అది. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. అవసరమైతే డాక్టరు దగ్గరికి వాళ్ళే దారి చూపిస్తారు.

ఇంట్లోవాళ్ళ గురించి. మీ వారు "నీ ఇష్టం" అన్నారని నొచ్చుకున్నారు. మీరు అడిగింది "పెట్టమంటారా?" అని అయితే ఆయన మాత్రం ఇంకేం చెబుతారు? పెట్టమంటే రేపు నష్టం ఆయన మీదికొస్తుంది, వద్దంటే నిష్ఠూరం. ఆయనకి తేల్చలేని ప్రశ్న ఇవ్వకండి, చెయ్యగలిగిన పని ఇవ్వండి. "ఆదివారం పొద్దున రెండు గంటలు పిల్లల్ని చూసుకోండి, నేను టైలర్ల దగ్గరికి వెళ్ళొస్తాను" అనండి. దానికి ఆయన సమాధానం వేరేగా ఉంటుంది. అత్తగారితో లోటు గురించి వాదన పెట్టుకోవద్దు. లోటు లేదన్న మాట నిజమే కావచ్చు, మీరు చెయ్యాలనుకోవడానికి లోటు ఉండి తీరాల్సిన పని కూడా లేదు. మొదటి బ్లౌజు డిజైను గీసినప్పుడు, ఏ చీర అంచుకి ఏ రంగు పూస నప్పుతుందో ఆవిణ్ణే అడగండి. చీరల విషయంలో ఆ వయసు ఆడవాళ్ళ కన్ను మామూలుది కాదు. అడిగించుకున్న మనిషి అడ్డం చెప్పడం కాస్త తగ్గిస్తుందని కూడా నా లెక్క.

తోడికోడలి దగ్గర మిమ్మల్ని ఊరడించే మాట నా దగ్గర లేదు. మీరు మూసేస్తే ఆవిడ అంటుంది. సంక్రాంతికి అందరూ చేరినప్పుడు అంటుంది, నవ్వుతూ అంటుంది. నిజం చెప్పాలంటే మీ ఉత్తరమంతటిలో బరువైన భయం ఇదేనని నాకనిపించింది. పట్టు బ్లౌజు, జీఎస్టీ, కంప్యూటరు, అన్నీ దీని ముందు నిలబెట్టిన అడ్డుతెరలు. ఆవిడ మాట పడే వంతు వస్తే పడాల్సిందే. కానీ బోర్డు కట్టి రిబ్బను కత్తిరిస్తేనే కదా మూసేయడం అనే మాట వచ్చేది? ఇంట్లో మగ్గం మీద నాలుగు నెలలు పనిచేసి మానేస్తే, మూసేయడానికి అక్కడ షట్టరే లేదు. అందుకని ఇప్పట్లో వాట్సాప్ స్టేటస్‌లు పెట్టకండి. చుట్టాలకి ప్రకటించొద్దు. ముగ్గురు టైలర్లకి, ఇద్దరు పొరుగువాళ్ళకి తెలిస్తే సరిపోతుంది.

ఎప్పుడు ఆపాలో కూడా ఇప్పుడే రాసుకోండి, తలలో వేడి లేనప్పుడే. నేనైతే కార్తీకమాసం దాకా గడువు పెడతాను. అప్పటికి డబ్బు తీసుకున్న బ్లౌజులు పది ఉండాలి, వాటిలో కనీసం మూడు మీకు చుట్టరికం, స్నేహం లేనివాళ్ళవి కావాలి, గంటకు మీకు మిగిలింది మీరు అనుకున్న కూలికి తగ్గకూడదు. ఈ మూడూ జరిగితే గది గురించి మళ్ళీ ఆలోచించండి, అదీ మెయిన్ రోడ్డుదే కానక్కర్లేదు. జరక్కపోతే మగ్గం విప్పి పైన పెట్టెయ్యండి, 84 వేలకి వేరే దారి చూడండి. అప్పుడు మానేస్తే అది లెక్క చూసి మానేయడం, భయపడి మానేయడం కాదు. అమెరికా ఆర్థికవేత్త స్టీవెన్ లెవిట్ ఒక వింత పరీక్ష చేశారు. ఉద్యోగం మానాలా, చదువు మొదలుపెట్టాలా అంటూ ఎటూ తేల్చుకోలేని వేలమంది చేత ఇంటర్నెట్‌లో నాణెం ఎగరేయించారు. ఆరు నెలల తర్వాత కనుక్కుంటే, పెద్ద విషయాల్లో మార్పు వైపు బొరుసో బొమ్మో పడి మారినవాళ్ళు, ఉన్నచోటే ఉండిపోయినవాళ్ళ కంటే సంతోషంగా ఉన్నట్టు తేలింది. 2020లో అచ్చయింది. వాళ్ళంతా తమంతట తాము వచ్చి నాణెం ఎగరేసినవాళ్ళు కాబట్టి అందరికీ వర్తిస్తుందని నేను అనను. ఎటూ తేలకుండా ఏళ్ళు గడిచిపోతే, మనం మామూలుగా ఉన్నచోటి వైపే ఎక్కువ మొగ్గుతామన్న అనుమానం మాత్రం దాన్నిబట్టి కలుగుతుంది.

ఆఖరుగా, మీరు అడగని ఒక సంగతి. మూడో బ్లౌజు దగ్గర ధర చెప్పాల్సి వస్తుంది, మీలాంటివాళ్ళకి సూదిపని కంటే అదే కష్టం. "పదమూడు వందలండీ" అన్నాక ఆవిడ ఒక్క క్షణం పలక్కుండా గుడ్డ వైపు చూస్తుంది. ఆ క్షణంలో మీకు వంద ఆలోచనలొస్తాయి, "పోనీ వెయ్యి ఇవ్వండి, మనలో మనకేముంది" అని నోరు జారుతుంది. జారనివ్వకండి. ఆవిడ రంగు గురించి ఆలోచిస్తోందేమో, పెళ్ళికి ఎన్ని రోజులుందో లెక్కపెడుతోందేమో. అడిగితే డిజైను తగ్గించి ధర తగ్గించండి, అదే డిజైనుకి తగ్గించకండి. సగం డబ్బు ముందే తీసుకోండి. ఒక పుస్తకంలో పేరు, ఫోను, ఇచ్చిన తేదీ, ఇస్తానన్న తేదీ రాసి, ఆవిడ తెచ్చిన గుడ్డ ఎన్ని సెంటీమీటర్లుందో కొలిచి అది కూడా పక్కన రాసి, ఆవిడ చేత సంతకం పెట్టించుకోండి. ఇస్తానన్న తేదీకి రెండు రోజులు ఎక్కువే వేసి చెప్పండి.